దిబ్బకూ తిన్నెకూ మధ్య: ఒక యువ రచయిత్రికి లేఖ

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన నవలిక చిత్తుప్రతి చదివాను. బాపట్ల దగ్గరి తీరగ్రామంలో పుట్టి, కువైట్‌లో తాపీపని చేసి, చాలా ఏళ్ళకు ఊరికి తిరిగివచ్చిన మేస్త్రీ కథను నిబ్బరంగా నడిపావు. డబ్బు పంపేవాడికీ అందుకునేవాళ్ళకూ మధ్య పెరిగే మొహమాటం, ఉత్తరాల్లో రాయకుండా దాచుకున్న అప్పులు, తల్లి మాటల్లోని పొదుపు, అన్నీ నమ్మేటట్టు ఉన్నాయి. వాటి గురించి తరువాత తీరికగా మాట్లాడుకుందాం. ఈ ఉత్తరంలో ఒక్క విషయమే రాస్తాను. నీ కథలో నేల చాలాచోట్ల పైకి లేస్తుంది: ఏటిలో, పొలంలో, సముద్రపు ఒడ్డున, ఊరి శివారులో, విజయవాడ వీధుల్లో, చివరికి ఎడారిలో. ఇన్ని చోట్లా నువ్వు వాడినవి రెండే మాటలు. ఇసుక కనిపిస్తే ‘ఇసుక తిన్నె’ అన్నావు, ఇసుక లేకపోతే ‘ఎత్తైన ప్రదేశం’ అన్నావు.

మాటలు తక్కువైనాయని కాదు నా బాధ. ఒకే మాటను పదిసార్లు వాడినా తప్పులేదు, అది సరైన చోట పడితే. నా బాధ ఏమిటంటే, మన భాషలో ఎత్తుకు ఉన్న పేర్లు ఎత్తును కొలిచే పేర్లు కావు. ఆ ఎత్తును ఎవరు చేశారో చెప్పే పేర్లు. గాలి పోసిందా, ఏరు వదిలి వెళ్ళిందా, వరద తెచ్చి కుమ్మరించిందా, మనిషి తట్టలతో మోశాడా, పాత ఊరు కూలి మట్టిలో కలిసిందా, లేక భూమి పుట్టినప్పటి రాయా అన్న ప్రశ్నకు జవాబు ఆ పేరులోనే ఉంటుంది. అందువల్ల నీ పాత్ర ఒక మిట్టమీద నిలబడినప్పుడల్లా, అది ఎంత ఎత్తు, ఏ ఆకారం అని ఆలోచించే ముందు, దాన్ని ఎవరు చేశారని అడుగు. ఆ జవాబు తెలిస్తే మాట వెతుక్కోనక్కరలేదు.

తిన్నెతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నీకు బాగా నచ్చిన మాట అదే. తిన్నె అంటే మన ఇళ్ళ ముందు కూర్చోవడానికి కట్టుకునే అరుగు కూడా. ఇసుక తిన్నె అన్నప్పుడు ఆ కూర్చునే వీలు, ఆ చదునైన పైభాగం మాటలోనే వినిపిస్తాయి. ఏరు నిండుగా పారినప్పుడు అడుగున పరచిన ఇసుక, నీరు తగ్గాక పాయల మధ్య బయటపడుతుంది. పైన చదునుగా, అంచుల్లో నీటివైపు మెల్లగా దిగుతూ ఉంటుంది. అమరసింహుడు తన సంస్కృత నిఘంటువులో నీటినుంచి తేలిన నేలను పులినం అనీ, ఇసుకతో కూడినదాన్ని సైకతం అనీ వేరుచేసి చెప్పాడు. మన కావ్యకవులు ఆ రెండు మాటలనూ ఏటి ఒడ్డు వర్ణనల్లో ధారాళంగా వాడుకున్నారు. నీ మొదటి అధ్యాయంలో మేస్త్రీ చిన్నతనంలో మేనమామతో కలిసి వేసవిలో కృష్ణను కాలినడకన దాటుతాడే, అక్కడ తిన్నె చక్కగా కుదిరింది. అయితే ఒక్కటి గమనించు. ఆ దాటడం ప్రకాశం బ్యారేజీకి దిగువన జరగాలి. బ్యారేజీకి ఎగువన నీరు నిలిచి ఉంటుంది కాబట్టి వేసవిలో కూడా అక్కడ అంత తేలిగ్గా తిన్నెలు తేలవు. నువ్వు ఉండవల్లి వైపునుంచి నడిపించావు. కొల్లిపర, కొల్లూరు వైపుకు మార్చు. తిన్నెమీద దాహం వేసినప్పుడు మేనమామ చేత ఇసుకలో చెలమ తీయించు. ‘గుంట తవ్వి నీళ్ళు తాగారు’ అని రాశావు, కానీ చెలమ అన్న మాట ఉండగా గుంటతో పని లేదు.

రెండో అధ్యాయంలో వరద వచ్చి తండ్రి పొలం పాడైన ఘట్టం ఉంది. అక్కడ నువ్వు రాసిన వాక్యం: ‘తెల్లవారేసరికి పొలమంతా ఇసుక తిన్నెలుగా మారింది.’ అమ్మా, ఆ వాక్యాన్ని ఒక్కసారి రైతు చెవితో విను. తిన్నె అన్నది వెన్నెల్లో కూర్చునే చోటు. సంవత్సరం తిండి పోగొట్టుకున్నవాడు ఆ మాట అనడు. ‘పొలంలో ఇసుక మేట వేసింది’ అంటాడు. మేట వేయడం అంటే వరద తన వేగం తగ్గినచోట, మోసుకొచ్చిన బరువును దించి పోవడం. కరకట్టకు గండి పడితే నీళ్ళు ఆ సందులోంచి ఉరికి, దగ్గరి పొలాల్లో దొడ్డు ఇసుకను దించి, దూరపు పొలాలకు సన్నటి ఒండ్రును మోసుకుపోతాయి. కాబట్టి గండికి ఆనుకున్న రైతు ఏడుస్తాడు. అరమైలు అవతలి రైతుకు మరుసటి ఏడాది పంట బాగా పండవచ్చు. ఈ ఒక్క సంగతిని నువ్వు పట్టుకుంటే, పక్కపక్క పొలాలవాళ్ళ మధ్య మాట పడకపోవడానికి నువ్వు కల్పించిన పెళ్ళి తగాదా కన్నా బలమైన కారణం దొరుకుతుంది. మేట ఎంత మందాన పడిందన్నది కూడా రాయి. మోకాలి లోతు మేటను తీయించడానికి అయ్యే ఖర్చు, ఆ పొలాన్ని అమ్ముకోవడమా ఉంచుకోవడమా అన్న ప్రశ్న, మేస్త్రీ కువైట్ వెళ్ళడానికి అసలు కారణం కాగలవు. నీ కథలో వలసకు కారణం ఇప్పుడు కొంచెం పలచగా ఉంది.

ఇక సముద్రపు ఒడ్డు. అక్కడిది దిబ్బ. బాపట్ల, చీరాల తీరం వెంట నడిచినవాళ్ళకు తెలుసు, ఒడ్డుకు కాస్త ఎడంగా ఇసుక వరసగా పైకి లేచి, సముద్రానికీ పొలాలకూ మధ్య అడ్డుగా నిలబడుతుంది. ఇది అలలు నేరుగా చేసిన పని కాదు. అలలు ఇసుకను ఒడ్డున పడేస్తాయి, అది ఎండుతుంది, గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటిన గాలి దాన్ని లేపుతుంది. లేచిన రేణువు పొడినేలమీద గంతులు వేస్తూ పోతుంది. పడినచోట మరికొన్ని రేణువులను తట్టి లేపుతుంది. ఎక్కడో ఒక చెట్టు మొదలో, ఒక తీగ అల్లికో అడ్డువస్తే గాలి అక్కడ బలం తగ్గి ఇసుకను వదిలేస్తుంది. తీగ పెరిగేకొద్దీ ఇసుక పేరుకుంటుంది, ఇసుక పేరుకునేకొద్దీ తీగ పైకి పాకుతుంది. మన తీరాన ఈ పని చేసేవాటిలో ముందు వరసలో ఉండేది రావణాసురుడి మీసాలు అనే ముళ్ళగడ్డి. ఆ తరువాత మేక గిట్టల్లాంటి ఆకులతో, ఊదాపూలతో నేలమీద పాకే తీగ. లోపలివైపు మనుషులు నాటిన సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు. నువ్వు ఊరి పరిసరాలను వర్ణిస్తూ కొబ్బరిచెట్లు మాత్రమే రాశావు. కొబ్బరిచెట్లు ఉంటాయి, కాదనను. కాని దిబ్బను దిబ్బగా నిలబెట్టినవి వేరే మొక్కలు. వాటి పేర్లు కథలో ఉండాలి.

ఈ దిబ్బల గురించి ఇంకొంచెం ఎక్కువగా రాస్తాను, నీ కథకు గుండెకాయ అక్కడే ఉందని నాకు అనిపించింది కాబట్టి. సముద్రానికి అంత దగ్గరలో, ఉప్పునీటికి నాలుగు అడుగుల దూరంలో, ఆ ఊళ్ళవాళ్ళు తీపినీళ్ళు తాగుతారు. ఇసుకలో తవ్విన లోతులేని బావులను దొరువులు అంటారు. వాన పడినప్పుడు దిబ్బ ఇసుక ఆ నీటిని పీల్చుకుంటుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి నేలలోపల దానిమీద తేలి నిలుస్తుంది. ఆ తేడా చాలా కొద్దిదే, కాని దాని ఫలితం పెద్దది: సముద్రమట్టానికి పైన మంచినీరు 1 మీటరు ఎత్తున నిలిస్తే, కింద సుమారు 40 మీటర్ల లోతుదాకా ఉప్పునీటిని తోసి ఉంచగలదు. ఇదే లెక్క తిరగబడితే, పైన 1 మీటరు పోగొట్టుకున్నవాళ్ళు కింద 40 మీటర్లు పోగొట్టుకుంటారు. అందుకే దొరువులోంచి నీళ్ళను పైపైన తీసుకోవాలి. లోతుగా బోరు దించి గట్టిగా లాగితే ఉప్పునీరు పైకి వస్తుంది. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు దొరువును మెరుగుపరిచిన పద్ధతుల ఉద్దేశం కూడా ఇదే, పైపొరను మాత్రమే నెమ్మదిగా తోడుకోవడం. కాబట్టి దిబ్బ అంటే ఒడ్డున పడి ఉన్న ఇసుక మాత్రమే కాదు, ఆ ఊరి మంచినీళ్ళ కుండ. తల్లి పాత్ర చేత నువ్వు పదేపదే నీళ్ళ గురించి మాట్లాడించావు, కానీ ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో ఎక్కడా చెప్పలేదు.

ఉత్తరాన భీమునిపట్నం దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి, చూసే ఉంటావు. పేరులో మట్టి ఉన్నా అవి ఇసుక దిబ్బలే. సముద్రమట్టం బాగా తగ్గి ఉన్న ప్రాచీన కాలంలో, బయటపడిన సముద్రపు నేలమీది ఇసుకను గాలి లోపలికి తోలి పోసింది. ఆ తరువాత వేల సంవత్సరాల పాటు రేణువులమీద ఇనుపతుప్పు పొరలు కట్టి ఎరుపెక్కింది. వానలు దాన్ని కోసి లోయలు చేశాయి. తమిళనాడు దక్షిణ తీరంలో ఇలాంటివే తేరి ఇసుకలు ఉన్నాయి. నీ కథకు ఇది అవసరం లేదు. దిబ్బ అనే మాటకు ఎంత వయసు పట్టగలదో తెలుస్తుందని మాత్రమే చెప్పాను.

దిబ్బ గాలి సొత్తు మాత్రమే కాదు. పేరుకున్నదేదైనా దిబ్బే: పెంటదిబ్బ, బూడిద దిబ్బ, ఊరు పాడై మిగిలిన పాటిదిబ్బ. మన గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో పాటిదిబ్బ లేని పాత ఊరు అరుదు. శతాబ్దాల పాటు మనుషులు ఒకేచోట ఇళ్ళు కట్టుకుని, కూల్చుకుని, మళ్ళీ దానిమీదే కట్టుకుని, పొయ్యి బూడిదా పశువుల పేడా ఎముకలూ పెంకులూ అక్కడే వదిలితే నేల పైకి లేస్తుంది. ఆ పాటిమట్టిలో పంటకు కావలసిన సారం ఉందని రైతులు బండ్లతో పొలాలకు తోలుకుపోయారు, అలా ఎన్నో దిబ్బలు కరిగిపోయాయి. భట్టిప్రోలులో ఒక దిబ్బను 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు స్తూపమూ, లిపి చెక్కిన రాతి భరిణెలూ బయటపడ్డాయి. ఆ దిబ్బను ఊరివాళ్ళు లంజదిబ్బ అనేవారు; ఘంటసాలలో కూడా అదే పేరు. బౌద్ధం మరుగునపడ్డాక మిగిలిన మిట్టలకు మన పల్లెల్లో అంటుకున్న పేరది. చెవికి కటువుగా ఉందని దాన్ని కథలోకి రానివ్వకుండా ఉండవద్దు, అందంగా మార్చనూవద్దు. తాము మరిచిపోయినదాన్ని ఒక సమాజం ఏమని పిలిచిందో ఆ పేరు చెబుతోంది.

అమరావతి స్తూపం మిట్టను దీపాలదిన్నె అన్నారు. సర్వే అధికారి కల్నల్ మెకంజీ 1816లో రెండోసారి వచ్చి చిత్రాలు గీయించే నాటికే దాని నడిమిభాగం తవ్వి చెరువు చేశారు, రాళ్ళు చాలావరకు కట్టడాలకూ సున్నానికీ పోయాయి. జగ్గయ్యపేట దగ్గర 1882లో మరో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ పరిశీలించిన స్తూపం ఉన్న గుట్ట ధనబోడు. దిబ్బ, దిన్నె, బోడు మూడూ మన చుట్టుపక్కలే ఉన్నాయి, మూడింటి కిందా దాదాపు ఒకే రకం కట్టడం ఉంది, అయినా పేర్లు ఒకటి కావు. బోడు అన్నది రాతిగుట్టను చెప్పే మాట, దిన్నె మెల్లగా లేచిన మిట్ట, దిబ్బ పేరుకున్నది. నీ మూడో అధ్యాయంలో పిల్లలు ఆడుకునే ‘ఊరి బయటి ఎత్తైన ప్రదేశం’ వీటిలో ఏదో నిర్ణయించుకో. పెంకులు, పూసలు, బూడిదరంగు మట్టి అక్కడ ఉన్నాయని నువ్వే రాశావు. అది పాటిదిబ్బ అని నీకు తెలియకపోయినా నీ కన్నుకు తెలుసు.

మెరక సంగతి వేరు. మెరక తనంతట తాను ఉండదు. పక్కన పల్లం ఉంటేనే మెరక. నీరు పల్లమెరుగు అన్న సామెతలో ఉన్నది ఈ జంటే. అందుకే ఆ మాట వరదకాలంలో ఎక్కువగా వినిపిస్తుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు, అదే వేళ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం పోతున్నప్పుడు, ఈ ఊళ్ళో మనుషులు ఒకరినొకరు అడిగిన ప్రశ్న మీది మెరకా పల్లమా అన్నదే. చదునుగా కనిపించే వీధిలో రెండడుగుల తేడా ఎవరి బియ్యం తడిసిందో, ఎవరి బియ్యం మిగిలిందో తేల్చింది. స్థలం కొన్నవాళ్ళు ముందుగా మెరక తోలించుకుంటారు. ఒకరు తోలించుకుంటే పక్కవాళ్ళ స్థలం పల్లమవుతుంది, ఆపైన వాళ్ళూ తోలించుకోవలసి వస్తుంది. మేస్త్రీ చెల్లెలు విజయవాడలో ఇల్లు కట్టుకునే అధ్యాయంలో ‘స్థలాన్ని మట్టితో ఎత్తు చేశారు’ అని రాశావు. మెరక తోలించారు అని రాయి. ఆ మట్టి ఏ చెరువులోంచి, ఏ కొండ తవ్వకంలోంచి వచ్చిందో ఒక మాటలో చెప్పగలిగితే మరీ మంచిది.

మెట్టను మెరకతో కలపవద్దు. మెట్ట రైతు మాట: కాలవ నీరు ఎక్కని పొలం మెట్ట, ఎక్కేది మాగాణి. విశాఖ వైపుకు వెళితే మెట్ట అంటే ఏకంగా కొండే. అనకాపల్లి దగ్గరి శంకరంలో బొజ్జన్నకొండ పక్కన లింగాలమెట్ట ఉంది. గట్టు కూడా ఇలాగే రెండు వేషాలు వేస్తుంది. పొలం గట్టు, చెరువు గట్టు అంటే మనిషి వేసిన మట్టివరస. మన వన్‌టౌన్‌లో గొల్లపాలెం గట్టు అంటే ఇళ్ళు ఎక్కిన కొండవాలు. ఒకే మాట ఊరిని బట్టి వేరు వస్తువును చెప్పినప్పుడు, పాత్ర ఏ ఊరిదో అదే అర్థాన్ని నమ్ముకో, పాఠకుడికి వివరణ ఇవ్వవద్దు. చుట్టూ ఉన్న వాక్యాలు ఆ పని చేస్తాయి. కట్ట మాత్రం ఎక్కడైనా మనిషిదే. నీటిని ఆపడానికో దారి మళ్ళించడానికో పోసింది. కృష్ణ వెంట మనం కరకట్ట అంటాం, గోదావరి జిల్లాల వాళ్ళు ఏటిగట్టు అంటారు. నీ మేస్త్రీ బాపట్లవాడు కాబట్టి అతని నోట ఏటిగట్టు రాకూడదు. ఒకచోట వచ్చింది, సరిచూసుకో.

చుట్టూ నీళ్ళున్న నేలనంతా లంక అనవచ్చా అని నువ్వు అడిగావు, ఆ ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు రాస్తాను. ఏరు తన ఒండ్రుతో పాయల మధ్య కట్టిన నేల లంక. పెసర్లంకలోనో చింతర్లంకలోనో అరటి, పసుపు, కంద అంత బాగా పండటానికి కారణం ఆ ఒండ్రే. మన కృష్ణలంక ఇప్పుడు నగరంలో కలిసిన పేట అయినా, వరద వచ్చినప్పుడల్లా ఆ పేరు నిజమని తేలుతుంది. అయితే చుట్టూ నీళ్ళున్న ప్రతి నేలా లంక కాదు. నాగార్జునసాగర్ జలాశయం నిండాక నాగార్జునకొండ చుట్టూ నీరు చేరింది, అక్కడికి పడవమీద వెళ్ళాలి, అయినా దాన్ని ఎవరూ లంక అనరు. నీరు దాని చుట్టూ చేరింది తప్ప దాన్ని చేయలేదు.

ఇప్పుడు ఎడారి. ‘కువైట్‌లో కొండలంత ఇసుక తిన్నెలు’ అని నువ్వు రాసిన వర్ణన సినిమాలు చూసి రాసినట్టుంది. కువైట్ చాలావరకు చదునైన రాతిగులక నేల. అక్కడి దిబ్బలు పెద్దగా ఎత్తులేని నెలవంక దిబ్బలు. 200 మీటర్లు దాటే ఇసుక దిబ్బలు చూడాలంటే దక్షిణాన సౌదీ, ఒమన్, యెమెన్, ఎమిరేట్ల మధ్య పరచుకున్న రుబ్ అల్ ఖాలీకి పోవాలి. నెలవంక దిబ్బను భూగోళశాస్త్రం పుస్తకాలు బార్ఖాన్ అంటాయి. గాలి ఒకే దిక్కునుంచి వీచే చోట, ఇసుక తక్కువగా ఉన్న గట్టినేలమీద అది ఏర్పడుతుంది. గాలివైపు వాలు మెల్లగా ఎక్కుతుంది, అవతలివైపు సుమారు 33 డిగ్రీల నిటారుతో జారుతుంది, రెండు కొమ్ములు గాలి పోయే దిక్కుకు చాచి ఉంటాయి. కువైట్‌లో వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి ముఖ్యమైనది. కాబట్టి కొమ్ములు ఆగ్నేయాన్ని చూపుతాయి. దారితప్పిన మేస్త్రీకి దిక్కు తెలియడానికి నువ్వు నక్షత్రాలను వాడావు. ఆ రాత్రి ఇసుకతుఫాను ఉందని కూడా నువ్వే రాశావు కాబట్టి నక్షత్రాలు కనిపించవు. తెల్లవారాక దిబ్బ కొమ్ములను చూడనివ్వు.

ఆ దిబ్బలు కదులుతాయి. గాలివైపు ముఖంమీది ఇసుక శిఖరందాకా పాకి అవతల జారిపడుతూ ఉంటే, దిబ్బ మొత్తం తన ఆకారం మార్చుకోకుండా ముందుకు జరుగుతుంది. చిన్నది త్వరగా, పెద్దది నెమ్మదిగా. 1930లలో లిబియా ఎడారిలో తిరిగిన బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నోల్డ్, ఇంటికి వెళ్ళాక గాలి సొరంగం కట్టుకుని అందులో ఇసుకను ఎగరేసి ఈ కదలికను కొలిచాడు. రాజస్థాన్‌వాళ్ళకు దిబ్బను చెప్పడానికి ధోరా, టీబా అన్న మాటలున్నాయి. అరబ్బులకు ఎన్నో ఉన్నాయి. తీరపు దిబ్బ తప్ప నడిచే దిబ్బను ఎరగని మనకు ప్రత్యేకమైన మాట లేదు, అందులో చిన్నతనం ఏమీ లేదు. దానికోసం కొత్త సమాసం కల్పించవద్దు, బార్ఖాన్ అని మేస్త్రీ నోట పెట్టనూవద్దు. అతను దిబ్బ అనే అంటాడు. అనగానే ఊరి దిబ్బ గుర్తుకువస్తుంది, కాని ఇక్కడ గడ్డి లేదు, తీగ లేదు, పట్టి ఉంచేది ఏదీ లేదు, అందుకే ఇది ఆగదు అని అతనికి అర్థమవుతుంది. అదే చూపు ఆ అధ్యాయానికి చాలు. ‘తిన్నె’ను అక్కడినుంచి పూర్తిగా తీసేయి.

పైగా అతను తాపీమేస్త్రీ. ఇసుకను అతని వేళ్ళు గుర్తుపట్టాలి. కృష్ణ ఇసుక గరుకుగా, కోణాలతో ఉంటుంది, సిమెంటును పట్టుకుంటుంది. దొడ్డుది కాంక్రీటుకు, జల్లెడ పట్టిన సన్నది పూతకు వాడతాడు. గాలి దొర్లించిన ఎడారి ఇసుక అరిగి గుండ్రబడి, అంతా ఒకే సన్నపు కొలతలో ఉంటుంది, కట్టుబడికి సరిగా పనికిరాదు. చుట్టూ ఇంత ఇసుక ఉండగా కట్టడానికి వేరే ఇసుక తెప్పించవలసి రావడం అతనికి మొదటి వారంలోనే వింతగా తోచాలి. నీ చిత్తుప్రతిలో అతను ఇసుకను ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు.

పని చేసే తీరు గురించి ఒక సలహా. నామవాచకాన్ని ఒంటరిగా నేర్చుకోవద్దు, దాని క్రియతో కలిపి నేర్చుకో. తిన్నె తేలుతుంది, మేట వేస్తుంది, దిబ్బ పేరుకుంటుంది, మెరక తోలిస్తారు, కట్ట పోస్తారు, గట్టు వేస్తారు, లంక కోతకు గురవుతుంది. నిఘంటువులో ఈ మాటలన్నిటికీ ఎదురుగా మిట్ట, ఎత్తైన నేల అనే అర్థమే కనిపిస్తుంది. క్రియ దగ్గరికి వచ్చేసరికి ఒకదాని చోట మరొకటి నిలబడదు. ‘దిబ్బ తేలింది’ అని రాసి చూడు, చెవి ఒప్పుకోదు. సందేహం వచ్చినప్పుడు ఆ నేలమీద పనిచేసేవారిని అడుగు: ఇసుక రీచ్‌లో ట్రాక్టరు నింపేవాణ్ణి, లంకలో కంద వేసినవాణ్ణి, దొరువులోంచి బిందెతో ముంచుకునే ఆవిడను. ఈ మాటకు అర్థం ఏమిటి అని అడగవద్దు, అలా అడిగితే వాళ్ళు నీకోసం పుస్తకపు మాట వెతుకుతారు. ఇది ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని అడిగి ఊరుకో. వాళ్ళు చెప్పే కథలో పేరు దానంతట అదే వస్తుంది. కథనం నీ గొంతులో సాగేచోట సైకతం, పులినం వంటి మాటలు వాడే హక్కు నీకు ఉంది, కాని ఈ నవలికలో కథ మేస్త్రీ భుజం వెనకనుంచే సాగుతుంది కాబట్టి అవి ఇక్కడ ఇమడవు.

చివరి అధ్యాయం దగ్గర కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మేస్త్రీ తిరిగివచ్చేసరికి రిసార్టు కోసం ‘ఒడ్డున ఉన్న ఇసుకను తొలగించారు’ అని రాశావు. ఇసుకను తొలగించడం ఎవరికీ నేరంగా వినిపించదు. దిబ్బను చదును చేయడం వేరు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 2011లోనూ 2019లోనూ ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన మొదటి వర్గంలో పేరుపెట్టి చేర్చాయి. కాబట్టి ఊరివాళ్ళు ఫిర్యాదు రాసే ఘట్టంలో వాళ్ళు ఏ మాట రాస్తారన్నదానిమీద ఆ కాగితం బలం ఆధారపడుతుంది. ‘ఇసుక కుప్పలు’ అని అవతలివాళ్ళు అంటారు, ‘మా దిబ్బ’ అని వీళ్ళు అంటారు. నీ కథలోని గొడవంతా ఈ రెండు మాటల మధ్యే జరగవచ్చు, ఉపన్యాసాలు అక్కరలేదు. అలాగే, దిబ్బ పోయిన ఫలితాన్ని నువ్వు తుఫానుతో చూపించావు. తుఫాను ఎప్పుడో వస్తుంది, ఉప్పెనకు దిబ్బ అడ్డు నిలుస్తుందన్నది నిజమే, కాని అంతకన్నా ముందు మారేది దొరువు. వాననీటిని పట్టి ఉంచే ఇసుక పోయింది, పైగా రిసార్టు బోర్లు లోతునుంచి లాగుతున్నాయి. ఒక ఎండాకాలంలో తల్లి వండిన పప్పు ఉడకదు, టీ విరిగినట్టు అవుతుంది, నీళ్ళు ఉప్పు తిరిగాయని ఆవిడ కొడుకుతో అంటుంది. తుఫానును తీసేసి అక్కడినుంచి మళ్ళీ రాయి. ఆ అధ్యాయమూ, మేట పడిన అధ్యాయమూ సిద్ధమయ్యాక రెండూ కలిపి పంపు. ఎడారి భాగాన్ని ఆ తరువాత చూద్దాం.

ఆశీస్సులతో.